ఆరో పాటకు అర్థం

ఆమెను అందరూ పళ్ళక్క అనేవారు. పళ్ళు ఎత్తుగా ఉంటాయని కాదు, కట్టుడు పళ్ళు చేసే పనిలో ఉండబట్టి. డాక్టర్లు మైనం కొరికించి తీసిన అచ్చులు ఆమె బల్ల మీదికి వచ్చేవి. వాటిలో ప్లాస్టర్ పోసి, పై దవడనూ కింది దవడనూ నోరులా తెరుచుకుని మూసుకునే ఇత్తడి మరకు బిగించి, ఒక్కొక్క పన్నూ మైనంలో నిలబెట్టి, ఆడించి చూసి, తిరిగే చక్రం మీద నున్నగా మెరుగు పెట్టి పంపేది. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. ఎదురుగా ఎవరు నవ్వినా ఆమె ముఖం కన్నా ముందు పలువరస చూసేది. ఎంత రుద్ది కడిగినా గోళ్ళ సందుల్లో ప్లాస్టర్ పోయేది కాదు. అరచేతులు ఎండిన సున్నంలా తెల్లగా, గరుగ్గా ఉండేవి.

ఆమెకు ఒక చెల్లి, తొమ్మిదేళ్ళు చిన్నది. పదకొండో ఏట ఆ పిల్ల తనకన్నా ఎత్తున్న వాయిద్యాన్ని స్కూలు నుంచి మెట్లన్నీ ఎక్కించి ఇంటికి తెచ్చింది.

"ఏమిటే ఇది, వయొలిన్‌కి తాతా?" అంది పళ్ళక్క.

"చెల్లో అక్కా."

పళ్ళక్కకు నవ్వాగలేదు. "చెల్లి వాయించేది చెల్లో అయితే, నేను అక్కో వాయించాలన్నమాట. తెచ్చిపెట్టు, మొదలుపెడతా."

ఆ రోజు నుంచి ఇంట్లో దాని పేరు తాత. తాత పడుకోవడానికి గదిలో ఒక మూల ఖాళీ చెయ్యడానికి పళ్ళక్క తన బట్టల పెట్టె వంటింట్లోకి మార్చుకుంది. నాన్న పోయాక చెల్లి చదువంతా ఆమె చేతుల మీదుగానే సాగింది. చెల్లి పెద్దదై పేరు తెచ్చుకుంది. తాతను మోకాళ్ళ మధ్య ఆనించుకుని, కమాను నెమ్మదిగా లాగుతూ, గొంతు పెంచకుండా పాడేది. హాల్లో ఎంతమంది ఉన్నా ఒక్కరి చెవిలో చెబుతున్నట్టుండేది ఆ పాట. ఒక పాట ఇంటి భాషలో, ఒకటి చదువుకున్న భాషలో, ఒకటి దేశాలు తిరుగుతూ పట్టుకొచ్చిన భాషలో. కొన్ని పాటలు మాత్రం అమ్మ పుట్టింటి భాషలో పాడేది.

ఆ చివరి భాష పళ్ళక్కకు రాదు. దానికో కథ ఉంది. అమ్మ కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు ఆమె మాట విని అత్తవారింట్లో అందరూ నవ్వారట. కోళ్ళు కొట్టుకున్నట్టుంది అన్నారట. అమ్మ మూణ్ణెల్లు మూగదానిలా ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని, తన భాషను నోట్లోనే దాచేసుకుంది. పెద్దకూతుర్ని ఆ అరువు భాషలోనే పెంచింది. తొమ్మిదేళ్ళకు చిన్నది పుట్టినప్పుడు నాన్నమ్మ లేదు, నవ్వేవాళ్ళూ లేరు. అమ్మమ్మ వచ్చి ఆరేళ్ళు ఉండిపోయింది. చిన్నది ఆవిడ ఒళ్ళో ఆ భాష తాగేసింది. పెద్దది అప్పటికి బడికీ, తర్వాత పళ్ళపనికీ పరుగు. వంటింట్లో ముగ్గురూ ఏదో చెప్పుకుని పకపకా నవ్వుతుంటే గుమ్మంలో నిలబడి, "నన్నేగా ఆడిపోసుకుంటున్నారు" అని తనూ నవ్వేది.

అమ్మకు మతిమరుపు మొదలైంది. ముందు మనుషుల పేర్లు పోయాయి, తర్వాత వారాలు, తర్వాత నేర్చుకున్న భాష. మంచినీళ్ళు అనడానికి కూడా మాట దొరక్క కాసేపు పెదాలు కదిపి, చివరికి పుట్టింటి మాట అనేసేది. ఒక శీతకాలం గడిచేసరికి ఆమె దగ్గర పుట్టింటి భాష ఒక్కటే మిగిలింది. కూతురూ తల్లీ ఒకే మంచం మీద కూర్చుని, ఒకరి మాట ఒకరికి తెలియకుండా ఉండిపోయారు.

చెల్లికి ఊపిరాడని కచేరీలు. ఒక్కసారి వచ్చి నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ అమ్మ ముఖం కడిగిన గాజులా వెలిగింది. చెల్లి పుట్టింటి భాషలో పలకరించగానే దాని చెంపలు రెండూ పట్టుకుని వదల్లేదు. చూస్తున్న పళ్ళక్కకు ప్రాణం లేచొచ్చింది.

"నా గురించి ఏమైనా అంటోందా?" అని అడిగింది, టీ గ్లాసు అందిస్తూ.

చెల్లి గ్లాసు చివరిదాకా తాగింది. "అంటోంది. నా పెద్దది పక్కనుంటే నాకేం దిగులు అంటోంది."

పళ్ళక్క వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమింది. అవి అంతకుముందే తోమిన గిన్నెలు.

చెల్లి వెళ్ళిపోయాక అదొక అలవాటైంది. రోజూ పొద్దున అమ్మ మాట్లాడేది ఫోన్‌లో రికార్డు చేసి చెల్లికి పంపేది. ‘ఏమంటోందే?’ అని కింద రాసేది. సాయంత్రానికి జవాబు వచ్చేది. ‘నీ చేతి అన్నం కమ్మగా ఉందంటోంది.’ ‘పెద్దదాన్ని సరిగా చూసుకోలేకపోయాను అని బాధపడుతోంది.’ ఆ మాటలు పళ్ళక్క బస్సులో చదువుకునేది, పనిలో చదువుకునేది. పక్కబల్ల మీద పళ్ళకు రంగు కుదిర్చే ఆవిడకు వినిపించేది. ఆవిడ, "అదృష్టవంతురాలివి పళ్ళక్కా. మా అమ్మకి అన్నీ గుర్తే, అదే నా ఖర్మ" అనేది.

అమ్మ నిద్ర లేవగానే ఎప్పుడూ రెండు మాటలు అనేది. చెల్లిని అడిగితే, "వచ్చావా తల్లీ, అని" అంది. పళ్ళక్క ఆ రెండు మాటలూ పలకడం నేర్చుకుంది. కిటికీ తెర తీసి, అమ్మ ఆ మాట అనగానే తనూ తిరిగి అదే అనేది, నవ్వుతూ, రాగం తీస్తూ. అమ్మ ఒక్కోసారి విసుక్కునేది, ఒక్కోసారి తన చిన్నప్పటి పేరూ వాళ్ళ నాన్న పేరూ చెప్పేది. అయినా సరే, తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటున్నట్టే ఉండేది. అలా ఏడు నెలలు గడిచాక అమ్మ పోయింది. పోయినప్పుడు కట్టుడు పళ్ళు నీళ్ళ గ్లాసులో ఉన్నాయి. అవి పళ్ళక్క చేసినవే.

ఏడాది తిరిగాక చెల్లి కొత్త పాటలు కట్టింది. మొదటి కచేరీ తమ ఊళ్ళోనే, పెద్ద హాల్లో. "నువ్వు రాకపోతే నేను కమాను ముట్టుకోను" అని ఫోన్ చేసింది. పళ్ళక్క పనికి సెలవు పెట్టి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, రెండో వరసలో కూర్చుంది. పాటలు నాలుగు భాషల్లో కాబట్టి గుమ్మం దగ్గర అందరికీ ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. ఒక పక్క పాట, ఎదురుగా ఇంటి భాషలో అర్థం. అందరికీ కనపడేలా హాల్లో దీపాలు సగం వెలిగించే ఉంచారు.

అయిదు పాటలయ్యాయి. ప్రతి పాటకీ పళ్ళక్క అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది. పక్కసీటు పెద్దావిడతో ఉండబట్టలేక, "మా చెల్లెలండీ" అనేసింది.

అప్పుడు చెల్లి కమాను ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. "మా అమ్మ చివరి రోజుల్లో అన్న మాటలివి. నేను ఒక్క మాట కూడా కలపలేదు. వరస మాత్రమే నాది." రెండో వరస వైపు మాత్రం చూడలేదు.

పాట మొదలైంది. ఏడు నెలలు పొద్దున్నే విన్న ఆ రెండు మాటలే పల్లవి. పళ్ళక్క ఒళ్ళు పులకరించింది. ‘వచ్చావా తల్లీ’ అనుకుంది తనలో. అచ్చులో ఎలా ఉందో చూద్దామని పుస్తకం తెరిచి అర్థం వైపు చూసింది.

*ఎవరు నువ్వు?*

తప్పు పేజీ అనుకుంది. పాట అంకె చూసింది. ఆరే. మళ్ళీ చదివింది.

*ఎవరు నువ్వు?*
*రోజూ ఒకావిడ వస్తుంది, తెల్లచేతుల ఆవిడ.*
*ముద్దలు కలిపి పెడుతుంది, మంచిదే పాపం.*
*ఎవరమ్మా అంటే నవ్వుతుంది, పేరు చెప్పదు.*
*నాకున్నది ఒక్కతే కూతురు, పాడుతుంది.*
*అది ఎప్పుడొస్తుందో ఈ ఆవిణ్ణి అడగండి.*

చెల్లి గొంతు ఎప్పటిలాగే చెవిలో చెబుతున్నట్టు మెత్తగా ఉంది. పళ్ళక్క పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చేతులు దాని కిందికి తోసేసింది. పక్కన పెద్దావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఆమె వైపు వంగి, "ఆ తెల్లచేతుల ఆవిడ నర్సేమో కదండీ? ఎవరో గానీ ఎంత ఓపికో" అంది గుసగుసగా.

పళ్ళక్క తలూపింది.

అంతటితో అయిపోలేదు. చెల్లి పాడటం ఆపి, కింది తీగ మీద ఒకే స్వరం సాగదీస్తూ ఉండగా, స్పీకర్లలోంచి అమ్మ గొంతు వచ్చింది. పళ్ళు లేని నోటితో ఆ రెండు మాటలు అడిగింది. వెంటనే ఇంకో గొంతు, హుషారుగా, రాగం తీస్తూ, అవే మాటలు తిరిగి అడిగింది. అది పళ్ళక్క గొంతు. అమ్మ మళ్ళీ అడిగింది. ఆమె మళ్ళీ తిరిగి అడిగింది, ఈసారి నవ్వుతూ. హాల్లో ఎవరో వెక్కారు. వెనక ఎక్కడో ఒకరిద్దరు చిన్నగా నవ్వారు కూడా, పసివాళ్ళు ఒకరినొకరు వెక్కిరించుకుంటుంటే నవ్వినట్టు.

చప్పట్లు ఆగలేదు. జనం లేచి నిలబడ్డారు. అందరూ లేచాక తనొక్కతే కూర్చుంటే కనబడుతుందని పళ్ళక్క కూడా లేచింది. మిగిలిన మూడు పాటలూ ఏ భాషలో ఉన్నాయో ఆమెకు తెలియలేదు.

వేదిక వెనక చిన్నగదిలో అద్దం చుట్టూ బల్బులు. పూలగుత్తులు కుర్చీ మీద, కుర్చీ కింద. చెల్లి తాతను పెట్టెలో పడుకోబెట్టి పట్టీలు బిగిస్తోంది. అక్కను చూసి చేతులు ఆపేసింది.

"అక్కా, నీకు ముందే చెప్పాలనుకున్నాను. ఒట్టు. ఎన్నిసార్లు ఫోన్ తీశానో. నోరు రాలేదు."

"నోరు రాలేదా? ఇప్పుడేగా అంతమంది ముందు రాగం తీసి మరీ చెప్పావు."

"పాటైతే చెప్పగలను. నీ మొహం చూసి ఎలా చెప్పనే? పగలూ రాత్రీ చాకిరీ చేస్తున్నావు, అమ్మ నిన్ను ఎవరు నువ్వని అడుగుతోందని ఎలా చెప్పేది? నువ్వేమైపోతావో అని భయమేసింది. అందుకే..."

"అందుకే అల్లావు. అది సరే. అది నాకోసమే అనుకుంటాను. మరి ఇవాళ చెప్పింది ఎవరికోసం?"

చెల్లి మంచం పట్టిన పిల్లలా చూసింది. "నీకోసమే అక్కా. ఆ పాటంతా నువ్వే. విన్నవాళ్ళు నీకు దండం పెట్టుకుంటారు."

"నాకెందుకు పెడతారే? తెల్లచేతుల ఆవిడకి పెడతారు. నా పక్కన కూర్చున్నావిడ నర్సేమో అంది. అవునన్నాను." పళ్ళక్క గొంతు పెంచలేదు. పెంచడం చేతకాలేదు. "అమ్మకి మతి లేదు, తెలియక అంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. నీకు తెలుసు. ఏడు నెలలు రోజూ నేను ఏమంటోందే అని అడిగితే, పొట్ట నింపినట్టు అబద్ధాలు పెట్టావు. ఆకలితో తిన్నాను. అవి నమ్మి నేను అమ్మని ఎవరు నువ్వు, ఎవరు నువ్వు అని అడుగుతూ కూర్చున్నాను. ఒక్కరోజైనా ఆపు అక్కా అనలేదు. పైగా దాన్ని దాచుకుని పాటలో పెట్టావు."

"అది చాలా అందంగా ఉందక్కా," అంది చెల్లి. అనేశాక నాలుక కరుచుకుంది.

తలుపు తట్టి ఎవరో లోపలికి తొంగిచూశారు, సంతకాల కోసం. పళ్ళక్క వాళ్ళకు దారి ఇచ్చి, ఆ దారినే బయటికి నడిచింది.

మూడు వారాలు ఫోన్ ఎత్తలేదు. పనిలో ఒక పై దవడకు కింది దవడ అచ్చు తారుమారు చేసి, డాక్టరు చేత చీవాట్లు తింది. ఇరవై ఆరేళ్ళలో అది మొదటిసారి. ఆమెను తినేస్తున్నది పాట కాదు, ఒక చిన్న ఆశ. చెల్లి పాట కోసం అర్థం మార్చిందేమో. కవిత్వం కదా, ఏదైనా రాస్తారు. అమ్మ నిజంగా అలా అని ఉండదేమో.

కోర్టులో దుబాసీగా చేసి రిటైరైన ఒక పెద్దాయనకు ఆమె రెండు వరసలూ చేసిచ్చింది. ఆయనకు ఆరు భాషలు వచ్చు, అమ్మ పుట్టింటి భాష వాటిలో ఒకటి. శనివారం పొద్దున ఫోన్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. ఆయన తలుపు తీస్తూనే వరస చూపించి నవ్వాడు. "కదలడం లేదమ్మా, రాయిలా ఉన్నాయి" అన్నాడు. సంగతి విని గంభీరమైపోయాడు.

"ఒక మాట ముందే చెబుతున్నా. నాకు అతికించడం రాదు, తుంచడం రాదు. నలభయ్యేళ్ళ అలవాటు. సాక్షి నేను అంటే నేనూ నేను అనే అంటాను. బాధపడకూడదు."

"అందుకే మీ దగ్గరకొచ్చానండీ" అంది పళ్ళక్క.

ముందుగా పాటలోని ముక్కలు విన్నాడు. ఆమె తెచ్చిన కచేరీ పుస్తకంలో అర్థంతో పోల్చి చూశాడు. "అమ్మాయి సరిగ్గానే రాసింది. ఒక్క మాట తేడా లేదు." తర్వాత పళ్ళక్క చెల్లి పంపిన జవాబులు చూపించింది. నా పెద్దది పక్కనుంటే, నీ చేతి అన్నం, అన్నీ. ఆయన ఫోన్ దూరంగా పట్టుకుని చదివి, రికార్డులు మళ్ళీ విని, తల అడ్డంగా ఊపాడు. "ఇవి ఎక్కడా లేవమ్మా."

ఆ చిన్న ఆశ కూడా అక్కడితో పోయింది. ఇంక లేచి వచ్చేయవచ్చు. కానీ పళ్ళక్క కదల్లేదు. "మిగిలినవి కూడా చెప్పండి. అన్నీ" అంది.

అన్నీ వినడానికి నాలుగు శనివారాలు పట్టింది. ఎక్కువభాగం ఏమీ లేదు. పైకప్పు కారుతోంది. ఆ కుంటి మేక ఎటు పోయింది. నాన్నా నన్ను కూడా పడవ ఎక్కించుకో. ఇవన్నీ ఆయన తన బొంగురుగొంతుతో, తానే చిన్నపిల్ల అయినట్టు, "నేను" అంటూ చెబుతుంటే పళ్ళక్క ఎదుటి కుర్చీలో కూర్చుని వింది. నలభై అయిదేళ్ళు కలిసి బతికిన మనిషికి చిన్నప్పుడొక కుంటి మేక ఉండేదని ఆమెకు అప్పుడే తెలిసింది.

చివరగా ఒక ముక్క మిగిలింది. అది చెల్లికి పంపలేదు. ఆ రోజు అమ్మ అన్నం గిన్నె నేలకేసి కొడితే పళ్ళక్క ఒళ్ళు తెలియక అరిచింది. అరిచి, గోడవైపు తిరిగి ఏడ్చింది. రికార్డు నడుస్తూనే ఉందని తర్వాత చూసుకుంది. తన అరుపు చెల్లి వినడం ఇష్టంలేక దాచేసింది.

దుబాసీ ఆ అరుపు విన్నాడు. ఏడుపు విన్నాడు. ఆ తర్వాత అమ్మ నెమ్మదిగా, చాలాసేపు ఏదో చెప్పింది. ఆయన రెండుసార్లు విని, కళ్ళు మూసుకుని, పళ్ళక్కకు ఎదురుగా చెప్పాడు.

"ఏడవకమ్మా. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు, కాళ్ళు పీకుతుంటాయి. నాకేం పనిలేదు, నేను కూర్చునే ఉంటాను. నువ్వు ఇంటికెళ్ళు. మీ అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది."

పళ్ళక్క ఇంకేమైనా ఉందేమోనని ఆగింది. లేదు. ఆయన ఫోన్ ఆమె ముందుకు జరిపి, మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళి, కావాలనే ఆలస్యం చేశాడు.

నెల పోయాక చెల్లి ఇంటికి వచ్చింది. తాతను తేలేదు, ఒక్కతే వచ్చింది. చెప్పుల దగ్గరే నిలబడి, "ఆ పాట తీసేస్తానక్కా. రికార్డుకి ఇస్తున్నవాటిలోంచి కూడా తీసేస్తాను. నువ్వు ఊఁ అను చాలు" అంది.

"నా గొంతు తీసెయ్. అది నీది కాదు. పాట నీ ఇష్టం, అమ్మ నీకోసమే అడిగింది కదా."

"నన్ను తిట్టక్కా. ఇలా మాట్లాడకు."

"తిట్టే ఓపిక ఉంటే ఫోన్‌లోనే తిట్టేదాన్ని. కూర్చో, టీ పెడతా."

ఇద్దరూ టీ తాగారు. చెల్లి అమ్మ మంచం మీద దుప్పటి సర్దింది. రైలెప్పుడో, వానలెలా ఉన్నాయో మాట్లాడుకున్నారు. తెలిసినవాళ్ళింట్లో కూర్చున్నట్టు కూర్చుని చెల్లి గ్లాసు తనే కడిగిపెట్టింది. ఇదివరకు ఎప్పుడూ కడిగి ఎరగదు. వెళ్ళబోతూ, గుమ్మంలో ఆగి, అడగాలా వద్దా అన్నట్టు అడిగింది.

"అమ్మ మాట్లాడినవి ఇంకేమైనా ఉన్నాయా అక్కా? నాకు పంపనివి?"

పాట కోసం అడిగిందో, అమ్మ కోసం అడిగిందో పళ్ళక్కకు తెలియలేదు. ఒకప్పుడైతే చెల్లి ముఖం చూడగానే తెలిసిపోయేది.

"లేవు" అంది.

చెల్లి తలూపి మెట్లు దిగింది. పళ్ళక్క వీధి మలుపు దాకా చూసి, తలుపు వేసి, సోమవారం ఇవ్వాల్సిన పళ్ళసెట్టు ముందేసుకుని కూర్చుంది.